ముసలి పిల్లికి స్నానము – షాంపూ ఎంపిక

కాణిపాకం పరిసరములలో మీ వేరుశనగ బస్తాలను ఎలుకల నుండి కాపాడిన పిల్లి, ముసలిదైన పిమ్మట తన ఒళ్లు తాను నాకి సరిగా శుభ్రపరచుకొనలేకపోవచ్చును. మురికి పట్టినపుడు మాత్రమే స్నానము చేయించవలెను.

బొచ్చుకు అంటుకొన్నదెల్ల నాకినపుడు కడుపులోనికి పోవును. కావున పిల్లులకని సీసాపై వ్రాసిన, మందుగాని ఘాటైన వాసనగాని లేని షాంపూనే కొనవలెను. కుక్కల పిడుదులకు వాడు పెర్మెత్రిన్ షాంపూ ఎంతమాత్రము కూడదు. పిల్లి కాలేయము ఆ మందును త్వరగా విరిచివేయజాలదు. వణుకు, మూర్ఛ వచ్చి చావవచ్చును. ఫినాయిలు కూడ విషమే.

షాంపూను గోరువెచ్చని నీటిలో కలిపి, ముఖము విడిచి రుద్ది, జారుడు పోవువరకు కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడువుడు. పొరపాటున పెర్మెత్రిన్ తగిలినచో గోరువెచ్చని నీటితో కడిగి, వణుకు వచ్చువరకు ఆగక, సీసాతో సహా పశువైద్యుని యొద్దకు తీసుకొనిపొండు.