వంటయింటి ఉప్పును గూర్చిన పాఠము



ఖిలా వరంగల్ కోటలోపలి వాడలలోను, చుట్టుపట్ల పల్లెలలోను పక్షవాతము అను మాట విననివారు అరుదు. నిన్నటివరకు అరక దున్నినవాడు నేడు మాట పడిపోయి మంచము పట్టును. కూలి ఆగును, అప్పు పెరుగును. పక్షవాతమునకు ముఖ్యకారణము రక్తపుపోటు. అది నొప్పి పెట్టదు, జ్వరము తేదు. కనుక మనము దానిని లెక్కచేయము. భారత వైద్య పరిశోధనా మండలి సాయముతో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారము, మన దేశములో పెద్దవారిలో 100కి 35 మందికి పైగా రక్తపుపోటు గలదు. ఈ వ్యాధికిని మన ఉప్పుజాడీకిని గల సంబంధమును ఈ నెల నేర్చుకొందము.

1. పొరుగున జరిగిన పరీక్ష

మన పొరుగుననున్న సిద్దిపేట ప్రాంతములో 7 పల్లెలకు చెందిన 502 మంది రక్తపుపోటు గలవారు ఒక పరీక్షలో చేరిరి. దాని ఫలితము 2021లో వెలువడెను. కొందరికి మామూలు ఉప్పును, కొందరికి 100 పాళ్లలో 30 పాళ్లు పొటాషియము కలిసిన ఉప్పును ఇచ్చిరి. 3 నెలలు గడచిన పిమ్మట, రెండవ ఉప్పు వాడినవారికి రక్తపుపోటులోని పై అంకె, మొదటివారికంటె సగటున 4.6 తగ్గెను. వంట మారలేదు, కూర మారలేదు. ఉప్పు మాత్రమే మారెను.

2. దీనిని నమ్ముట యెందుకు?

ఎవరో ఒకరు ఒక ఆకు నమిలి బాగుపడితినని చెప్పిన మాట వేరు, పరీక్ష వేరు. దానియేలు గ్రంథము మొదటి అధ్యాయము జ్ఞాపకము చేసికొనుడి. పది దినములు శాకధాన్యములు తిన్నవారి ముఖములను, రాజు భోజనము తిన్నవారి ముఖములతో పోల్చి చూడుమని దానియేలు కోరెను. పోల్చి చూచుటయే పరీక్షకు ప్రాణము. సిద్దిపేటలో చీట్లు వేసినట్లుగా జనులను రెండు గుంపులు చేసిరి. ఎవరికి ఏ ఉప్పు వచ్చినదో తిన్నవారికిని తెలియదు, పోటు చూచినవారికిని తెలియదు. కనుక ఎవరి ఆశయు ఫలితమును మార్చలేదు.

3. అంకె తగ్గిన పక్షవాతము తగ్గునా?

ఈ ప్రశ్నకు చైనా దేశపు పల్లెలు జవాబిచ్చినవి. అక్కడ 600 పల్లెలలో సుమారు 21,000 మందిని, దాదాపు 5 సంవత్సరములు కనిపెట్టి చూచిరి. 2021లో ప్రకటించిన ఫలితమేమనగా, మామూలు ఉప్పు తిన్నవారిలో 100 పక్షవాతములు వచ్చినచోట, పొటాషియము కలిసిన ఉప్పు తిన్నవారిలో సుమారు 86 మాత్రమే వచ్చెను. మరణములును తగ్గెను.

4. హెచ్చరిక

ఈ ఉప్పు అందరికిని తగదు. మూత్రపిండముల జబ్బు గలవారు వైద్యుని అడుగక దీనిని ముట్టరాదు. పొటాషియము వారి రక్తములో పేరుకొని గుండెకు ప్రమాదము తేగలదు. కొన్ని పోటు మాత్రలు వాడువారును ముందుగా అడుగవలెను. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన సిఫారసు గర్భిణులకును పిల్లలకును వర్తించదు. ఉప్పు మార్చితిమి గదా అని ఎవరును మాత్రలు మానరాదు.

5. ఇంటిలో చేయవలసినది

ఏ ఉప్పైనను మితముగా వాడుటయే మొదటి మెట్టు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, మనిషికి దినమునకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు, మించరాదని చెప్పుచున్నది. అయిదుగురు పెద్దలున్న ఇంటికి కిలో ఉప్పు 40 దినములు రావలెను. మీ ఇంట ఎన్నాళ్లకు అయిపోవుచున్నదో ప్యాకెట్టు మీద తేదీ వ్రాసి చూడుడి. మామిడికాయ తొక్కు, ఎండుచేపలు, అప్పడములు, సకినాలు కూడ ఈ లెక్కలోనివే. అన్నములో మీద చల్లుకొను ఉప్పును మొదట మానుడి. కూరలో కొంచెము కొంచెముగా తగ్గించిన యెడల కొన్ని వారములలో నాలుక అలవాటుపడును. సంఘపు విందులలో వంట చేయువారును దీనిని గమనింపవలెను.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

మన ఇంటిలో 30 సంవత్సరములు దాటినవారు రక్తపుపోటు చూపించుకొని ఎన్నాళ్లయినది? ఈ నెల మన ఉప్పు ఎన్ని దినములు వచ్చినది? మంచము పట్టిన పొరుగువాని ఇంటికి మనము ఏ సాయము చేయగలము?