నాలుగు గొంతుల పాట

ఓర్వకల్లులో నంద్యాల రోడ్డు పక్కన చాలా ఏళ్లు రేడియోలు, టీవీలు బాగుచేశాను. తొంభైల్లో వీడియో గేములు కూడా నా బల్ల మీదికి వచ్చేవి. ఆ గేముల్లోని పాటలు ఇప్పటికీ ఎందుకు బాగుంటాయని అడిగే పిల్లల కోసం నాకు తెలిసింది రాస్తున్నాను.

1. సరంజామా తక్కువైతే బాణీ గట్టిగా ఉండాలి. 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫ్యామికామ్ చిప్పులో రెండు గొంతులు స్వరాలు పలుకుతాయి, ఒకటి మంద్రంలో నడుస్తుంది, ఇంకొకటి గరగరమంటూ తాళం వేస్తుంది. రికార్డు చేసిన ముక్కల కోసం ఐదోది ఉన్నా, 1985 నాటి సూపర్ మారియోలో దాన్ని వాడనేలేదు. మారియో ఎగిరిన చప్పుడు రావాలంటే ఈ నాలుగింటిలో ఒకటి కాసేపు పాట వదలాలి. బొమ్మలు, పాటలు, ఆట అంతా కలిపి 40 కిలోబైట్లే! అంత ఇరుకులో కోజి కోండో కట్టిన బాణీ అది. మన చెక్కభజన చూడండి, చేతిలో చెక్కలు, నోట్లో పాట ఉంటే ఊరంతా కూర్చుంటుంది.

2. మంచి బాణీ నకలు పెట్టెలో కూడా బతుకుతుంది. మన పల్లెలకు వచ్చినవి అసలు నింటెండోలు కావు, వాటి నకళ్లు. అలాంటి చాలా చిప్పుల్లో స్వరాల తరంగాల వెడల్పు అమరిక తారుమారై ఉండేది. అందుకే మన పిల్లలు విన్న మారియో నాదం జపాన్ పిల్లలు విన్నదానికి కొంచెం తేడా. పైగా టీవీకి ఒకటే స్పీకరు. అయినా బాణీ చెక్కుచెదరలేదు. క్యాసెట్ పెట్టి టెస్టు చేస్తుంటే రోడ్డు మీద పోయే పిల్లలు బొమ్మ కనపడకుండానే అది ఏ గేమో చెప్పేవాళ్లు. నాకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

3. పాట ఆటతో పరుగెత్తాలి. 1978లో వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్‌లో ఉన్నవి నాలుగు స్వరాలే, శత్రువులు తగ్గేకొద్దీ వేగం పెరుగుతుంది. మారియోలో గడియారం వందకు దిగగానే పాట ఉరుకుతుంది, ఆడే పిల్లల భుజాలు ముందుకు వంగుతాయి. సినిమా పాటకు వినేవాడు ఎక్కడున్నాడో తెలియదు. గేము పాటకు తెలుసు.

4. పాతది అరువు తెచ్చుకోవడం తప్పు కాదు. 1989లో గేమ్‌బాయ్‌లో వచ్చిన టెట్రిస్ పాట రష్యాలో తిరుగుబేరగాళ్ల మీద పుట్టిన జానపదం. మన జానపదాలు ఏ ఆటలోకైనా ఎక్కితే వినాలని నాకు కోరిక.

5. 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మారియో పాటను జాతీయ ధ్వని భాండాగారంలో చేర్చింది. వీడియో గేమ్ సంగీతానికి అక్కడ చోటు దక్కడం అదే మొదలు. మరి మన ఇళ్లలో మోగిన నకలు పెట్టెల నాదాన్ని ఎవరు దాస్తారు? అటక మీద పాత పెట్టె ఉంటే పాత సామాన్ల వాడికి వేయకండి నాయనా. అడాప్టర్ ఓల్టేజీ సరిచూసి ఒకసారి ఆన్ చేయండి, మోగితే ఫోనులో రికార్డు చేసి ఉంచండి.