బయోడేటా రాసే ముందు



సావనీరుకు ఏదైనా రాయమని యూనియన్ వారు అడిగినప్పుడు ఏ విషయం తీసుకోవాలా అని ఆలోచించాను. ఈ మధ్య సలహా కోసం నా దగ్గరికి వచ్చిన బయోడేటాలు చూశాక ఇదే రాయాలనిపించింది. వాటిలో నాలుగింటికి మొదటి వాక్యం ఒక్కటే! నలుగురూ చౌరస్తాలో ఒకే జిరాక్స్ సెంటర్లో టైపు చేయించారట.

ముందుగా నా పొరపాటే చెప్పుకుంటాను. డిగ్రీ పాసయ్యాక ఒక ప్రైవేటు కంపెనీ నుంచి నాకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. దరఖాస్తులో బాపు పేరు ఊళ్లో అందరూ పిలిచినట్లే రాశాను. టెన్త్ మెమోలో మాత్రం బాయి కాగితాల్లో ఉన్న పేరు ఉంది. అక్కడి గుమాస్తా రెండూ పక్కపక్కన పెట్టి, “ఈ ఇద్దరిలో మీ నాన్న ఎవరండీ?” అన్నాడు. నాకు నోట మాట రాలేదు. రుజువు తెమ్మన్నారు. తెచ్చేసరికి ఆ ఉద్యోగం ఇంకొకరికి పోయింది.

ఇంటికొచ్చి చెబితే బాపు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “బాయిల ఎక్కిననాడు గుమాస్తా ఏం రాసిండో నాకేం ఎరుక బిడ్డా? నేను సదువుకోలే, ఏలిముద్ర ఏసిన” అన్నాడు.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. గోదావరిఖనిలో 1960 ప్రాంతంలో బాయిలు మొదలైనప్పుడు పల్లెల నుంచి వచ్చినవారిలో చాలామందికి చదువు లేదు. 1952 నాటి గనుల చట్టం కింద పెట్టిన ఫారం-బి రిజిస్టరులో ఏ పేరు, ఏ వయసు పడితే సర్వీసంతా అదే నిలిచింది. ఇంకొకరి పేరు మీద పనిలో చేరినవారూ ఉన్నారు. సింగరేణిలో ‘మారుపేర్ల సమస్య’ అనేది ఇదే. వారసత్వ ఉద్యోగం అడిగేనాటికి కొడుకు సర్టిఫికెట్టులో తండ్రి ఒకరు, కంపెనీ రికార్డులో మరొకరు. ఒక్క పేరు తేడా ఒక కుటుంబం కూటినే ఆపగలదు.

కాబట్టి మొదటి పాఠం: మీ పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ టెన్త్ మెమోలో ఉన్నట్లే అక్షరం పొల్లుపోకుండా రాయండి. ఆధార్‌లో, డిగ్రీ మెమోలో తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. టెన్త్ మెమోలోనే తప్పు పడితే మీరు చదివిన బడి హెడ్మాస్టరు ద్వారా బోర్డుకు దరఖాస్తు పెట్టాలి. ఇంటర్వ్యూ పిలుపు వచ్చాక పరుగెత్తితే నాకైనట్లే అవుతుంది.

రెండోది, ఉత్త విశేషణాలు. ‘కష్టపడే స్వభావం, నిజాయితీ, నాయకత్వ లక్షణాలు’ అని అందరూ రాస్తారు. చదివేవారికి వాటివల్ల తెలిసేదేమీ లేదు. మా విద్యార్థి ఒకడు రెండేళ్లుగా సాయంత్రాలు కాలనీ పిల్లలు పన్నెండు మందికి లెక్కలు చెబుతూ తన ఫీజు తానే కట్టుకుంటున్నాడు. ఆ సంగతి బయోడేటాలో లేదు! “ఎందుకు రాయలేదురా?” అంటే “అదేం గొప్ప సార్” అన్నాడు. ఆ ఒక్క వాక్యం పది విశేషణాల పెట్టు. అలాగే ‘అప్రెంటిస్ చేశాను’ అని ఊరుకోకండి. ఎక్కడ, ఎన్ని నెలలు, ఏ యంత్రం మీద చేశారో రాయండి.

మూడోది, ఒకే కాగితాన్ని అన్ని తలుపుల కిందా తోయడం. మన చుట్టూనే బాయిలున్నాయి, ఎన్టీపీసీ ఉంది, 1999లో మూతపడి 2021లో మళ్లీ ఉత్పత్తి మొదలుపెట్టిన ఎరువుల ఫ్యాక్టరీ ఉంది. ఒక్కొక్కరు కోరేది ఒక్కొక్కటి. ఓవర్‌మన్, సర్దార్ వంటి పనులకు గ్యాస్ టెస్టింగ్, ప్రథమ చికిత్స సర్టిఫికెట్లు ముఖ్యం. మైనింగ్ డిప్లొమా చదివినవాడు వాటిని చివరి పేజీ అడుగున దాచి, పైన ‘క్రికెట్ ఆడటం, పాటలు వినడం’ అని రాస్తే ఎలా? ప్రకటనను రెండుసార్లు చదవండి. వారు అడిగింది పైన పెట్టండి. ప్రభుత్వ సంస్థల్లో వారిచ్చిన ఫారమే నింపాలి, కులం, స్థానికత పత్రాలు జతచేయాలి. ప్రైవేటు కంపెనీకి అడగని కులం, మతం రాయనక్కరలేదు. కొత్తవారికి ఒక పేజీ చాలు.

నాలుగోది, లేనిది ఉన్నట్లు రాయడం. హిందీ వచ్చని రాస్తే హిందీలోనే అడుగుతారు. అక్కడ తడబడితే, మీకు నిజంగా వచ్చినవాటిని కూడా నమ్మరు. ఫోన్ నంబరులో ఒక అంకె తప్పినా పిలుపు మీకు చేరదు. అందుకే పంపే ముందు ఇంకొకరి చేత చదివించండి.

నా రెండో బయోడేటా నేను బాపు చేత ‘చదివించాను’. ఆయనకు ఇంగ్లీషు రాదు కదా! నైట్‌షిఫ్ట్ దిగి వచ్చి, చాయ్ తాగుతూ గడపలో కూర్చున్నాడు. నేను ఒక్కో వాక్యం తెలుగులో చెబుతుంటే, ప్రతిదానికీ ఒకటే ప్రశ్న: “దీనికి కాయితమున్నదా?” కాగితం లేనిచోట, “మరి అడిగితే ఏం చెప్తవ్?” అన్నాడు. జవాబు దొరకని రెండు వాక్యాలు అక్కడే కొట్టేశాను. తండ్రి పేరు దగ్గరికి వచ్చేసరికి మెమోలో ఉన్న పేరు చదివాను. “గదే ఉండనీ. బాయిల గా పేరుతోనే బతికిన” అన్నాడు.

ఆ కాగితంతోనే నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. నా దగ్గరికి బయోడేటా తెచ్చే ప్రతి విద్యార్థినీ నేనూ ఇప్పుడు ఆ రెండు ప్రశ్నలే అడుగుతున్నాను.