సాధారణ బీమా మూలసూత్రాలు: ఏజెంటు పరీక్ష వ్రాసేవారికి, పాలసీ తీసుకునేవారికి ఒక పాఠం

మన దేశంలో బీమా వ్యాపారం ప్రధానంగా రెండు శాఖలుగా నడుస్తున్నది. మనిషి ఆయుర్దాయానికి సంబంధించినది జీవిత బీమా. ఇల్లు, దుకాణం, సరుకు, వాహనం, ఇతరుల పట్ల మనకు ఏర్పడే బాధ్యత మొదలైన వాటికి సంబంధించినది సాధారణ బీమా. అమెరికాలో ఆస్తి బీమాను, బాధ్యత బీమాను కలిపి ‘ప్రాపర్టీ అండ్ క్యాజువాల్టీ’ అని వ్యవహరిస్తారు. ఇక్కడ దానికి దగ్గరగా ఉన్నది సాధారణ బీమాయే.

1972లో వచ్చిన జాతీయీకరణ చట్టం మేరకు, అంతవరకు పనిచేస్తున్న 107 సంస్థలను కలిపి నాలుగు ప్రభుత్వ కంపెనీలుగా ఏర్పరచారు. 1999 నాటి చట్టంతో ప్రైవేటు సంస్థలకు మళ్ళీ ప్రవేశం లభించింది. ఆ చట్టం ద్వారానే నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఎ.ఐ. ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉన్నది.

బీమా ఏజెంటు కాదలచినవారు నియామకానికి ముందు పరీక్షలో ఉత్తీర్ణులు కావలసి ఉంటుంది. ఆ పరీక్షకు అవసరమైన ముఖ్య భావనలను ఈ పాఠం వివరిస్తుంది. పరీక్ష వ్రాయని పాలసీదారుకు కూడా ఇవే భావనలు అవసరం. క్లెయిమ్ ఆగిపోయినప్పుడు కారణం చాలాసార్లు మొదటి రోజు నింపిన దరఖాస్తులోనే ఉంటుంది.

1. ఆపద, ఆపదను పెంచే పరిస్థితి

అగ్నిప్రమాదం, వరద, తుఫాను, దొంగతనం వంటివి నష్టాన్ని కలిగించే ఘటనలు. వీటిని ‘పెరిల్’ అంటారు. అటువంటి ఘటన జరిగే అవకాశాన్ని గాని, నష్టం తీవ్రతను గాని పెంచే పరిస్థితి ‘హజార్డ్’. దుకాణంలో నిప్పు అంటుకోవడం పెరిల్. పాతబడిన విద్యుత్ తీగలు, ప్రక్కనే నిల్వ ఉంచిన కిరోసిన్ భౌతికమైన హజార్డ్. బీమా ఉన్నది కదా అని తాళం వేయకుండా వెళ్ళే అజాగ్రత్త, నష్టాన్ని ఎక్కువ చేసి చూపే బుద్ధి నైతికమైన హజార్డ్. ప్రశ్నపత్రంలో ఈ తేడాను తరచుగా అడుగుతారు.

ఒకే విధమైన ఆపదకు లోనయ్యే అనేకులు తలా కొంత ప్రీమియం చెల్లిస్తే, వారిలో నష్టపోయిన కొద్దిమందికి ఆ నిధినుండి చెల్లింపు జరుగుతుంది. 2005 జులై 26న ముంబైలోని శాంతాక్రూజ్‌లో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. 2015 డిసెంబరులో చెన్నై నగరం మునిగింది. 2019 మేలో ఫణి తుఫాను ఒడిశా తీరాన్ని తాకింది. ఇటువంటి వేళ ఒకే ప్రాంతంలో వేలాది క్లెయిమ్‌లు ఒక్కసారిగా వస్తాయి. అందుచేత బీమా కంపెనీలు తాము స్వీకరించిన భారంలో కొంత భాగాన్ని మరొక సంస్థపై ఉంచుతాయి. దీనిని పునర్బీమా అంటారు.

2. ఆరు సూత్రాలు

పరమ సద్విశ్వాసం. ప్రశ్నపత్రంలో ‘అట్‌మోస్ట్ గుడ్ ఫెయిత్’ అని కనిపించేది ఇదే. మామూలు కొనుగోలులో సరుకును పరీక్షించి తీసుకోవలసిన బాధ్యత కొనేవానిది. బీమాలో ఆస్తి వివరాలు యజమానికే తెలుసు. కాబట్టి కంపెనీ నిర్ణయాన్ని ప్రభావితం చేయగల ప్రతి ముఖ్య విషయాన్ని అతడు తెలియజేయాలి.

ఈ సూత్రానికి మూలమైన తీర్పు 1766లో ఇంగ్లండులో వెలువడింది. సుమత్రా దీవిలోని మార్ల్‌బరో కోట విదేశీ శత్రువుల వశమైతే కలిగే నష్టానికి అక్కడి గవర్నరు కార్టర్ బీమా తీసుకున్నాడు. కోట ఫ్రెంచివారి వశమైంది. కోట బలహీనతను తనకు చెప్పలేదని బీమా ఇచ్చిన వ్యక్తి చెల్లింపుకు నిరాకరించాడు. న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ సద్విశ్వాస ధర్మాన్ని ఆ తీర్పులోనే ప్రతిపాదించాడు. అయినా తీర్పు మాత్రం కార్టర్ పక్షాన ఇచ్చాడు. బీమా ఇచ్చినవానికి తెలిసిన విషయాన్నీ, అతడు తెలుసుకోదగిన విషయాన్నీ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదని నిర్ణయించాడు. సద్విశ్వాసం ఇరుపక్షాలకూ వర్తిస్తుంది. కంపెనీ కూడా మినహాయింపులను దాచరాదు.

వలస వచ్చిన కుటుంబాల విషయంలో ఈ సూత్రానికి మరింత ప్రాముఖ్యం ఉన్నది. దరఖాస్తు ఆంగ్లంలోనో స్థానిక భాషలోనో ఉంటుంది. ఏజెంటు నింపుతాడు, యజమాని సంతకం చేస్తాడు. ఇంటి ముందుగదిలో కుట్టుమిషన్లు పెట్టి వ్యాపారం చేస్తున్నా, దరఖాస్తులో ‘నివాసం’ అని మాత్రమే వ్రాసి ఉండవచ్చు. అగ్నిప్రమాదం తరువాత సర్వేయరు వచ్చి చూసినప్పుడు ఆ సంతకానికి బాధ్యుడు యజమానియే అవుతాడు. దరఖాస్తును వేరొకరు నింపినప్పుడు, అందులోని విషయాలను తనకు అర్థమయ్యే భాషలో వివరించారని సంతకందారు ధ్రువీకరించే భాగం దానిలో ఉంటుంది. దానిని చదివి వినిపించకుండా సంతకం తీసుకున్న ఏజెంటు తన వృత్తిధర్మాన్ని తప్పినట్లే.

బీమా హితం. ‘ఇన్సూరబుల్ ఇంటరెస్ట్’. ఏ ఆస్తి నశిస్తే ఒక వ్యక్తికి చట్టం గుర్తించే ఆర్థిక నష్టం కలుగుతుందో, ఆ ఆస్తికి మాత్రమే అతడు బీమా చేయించగలడు. బెంగళూరులో అద్దె ఇంట్లో ఉండే కుటుంబానికి ఆ కట్టడంపై యాజమాన్యం లేదు. కాని తన మంచాలు, బీరువా, టీవీ, వంటసామగ్రి తనవే. వాటికి బీమా తీసుకోవచ్చు. ‘సొంత ఇల్లు లేదు గనుక గృహబీమా మనకు కాదు’ అనే అభిప్రాయం సరికాదు. ఇంటిపై అప్పు ఇచ్చిన బ్యాంకుకు కూడా అప్పు మేరకు ఈ హితం ఉంటుంది. జీవిత బీమాలో ఇది పాలసీ తీసుకునే నాటికి ఉండాలి. అగ్ని బీమాలో పాలసీ తీసుకునేనాడూ, నష్టం జరిగిననాడూ ఉండాలి. సముద్ర రవాణా బీమాలో నష్టం జరిగే నాటికి ఉంటే చాలు.

నష్టపరిహారం. ‘ఇండెమ్నిటీ’. నష్టానికి ముందు యజమాని ఆర్థికంగా ఏ స్థితిలో ఉన్నాడో ఆ స్థితికి చేర్చడమే బీమా ఉద్దేశం. అంతకు మించి లాభం కలగరాదు. ఐదు లక్షల విలువైన సరుకుకు పది లక్షల పాలసీ తీసుకున్నా, సరుకంతా కాలిపోతే లభించేది ఐదు లక్షలే. ఎక్కువ మొత్తానికి కట్టిన ప్రీమియం వృథా.

తక్కువ మొత్తానికి బీమా చేయిస్తే జరిగే హాని ఇంకా పెద్దది. షోలాపురంలో ఒక మరమగ్గాల యజమానిని ఉదాహరణగా తీసుకుందాం. అతని మగ్గాలు, నూలు కలిపి విలువ 10 లక్షల రూపాయలు. ప్రీమియం తగ్గుతుందని 6 లక్షలకే బీమా చేయించాడు. అగ్నిప్రమాదంలో 2 లక్షల నష్టం జరిగింది. నష్టం 6 లక్షల లోపే గనుక మొత్తం 2 లక్షలూ వస్తాయని అతడు ఆశిస్తాడు. లెక్క ఆ విధంగా ఉండదు.

చెల్లింపు = నష్టం × బీమా మొత్తం ÷ వాస్తవ విలువ
2,00,000 × 6,00,000 ÷ 10,00,000 = 1,20,000 రూపాయలు

మిగిలిన 80,000 రూపాయలను యజమానే భరించాలి. దీనిని ‘యావరేజ్’ నిబంధన అంటారు. ఆస్తిలో నూటికి 40 వంతులకు బీమా లేదు గనుక, ప్రతి నష్టంలోనూ ఆ 40 వంతులు యజమాని వాటాయే. పాలసీలో నిర్ణయించిన తొలి మినహాయింపు మొత్తం, అంటే ‘ఎక్సెస్’, ఏదైనా ఉంటే దానిని కూడా తగ్గిస్తారు.

2021 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ప్రామాణిక పాలసీలు ఇందులో కొంత ఊరట కల్పించాయి. 5 కోట్ల రూపాయల వరకు విలువగల సంస్థలకు ఉద్దేశించిన ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’లో 15 శాతం వరకు ఉండే తక్కువ బీమాను లెక్కలోకి తీసుకోరు. పై ఉదాహరణలో తరుగు 40 శాతం గనుక ఆ రక్షణ దొరకదు. నివాస గృహాలకు ఉద్దేశించిన ‘భారత్ గృహ రక్ష’లో ఇంటి విస్తీర్ణం మొదలైన వివరాలు సరిగా ఇచ్చినవారికి యావరేజ్ నిబంధన వర్తించదు. కట్టడానికి బీమా చేసినప్పుడు, ఇంటి సామగ్రికి కూడా కట్టడపు బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు, రక్షణ దానంతట అదే లభిస్తుంది.

వాటా చెల్లింపు. ‘కాంట్రిబ్యూషన్’. ఒకే ఆస్తికి, ఒకే ఆపదకు రెండు కంపెనీల పాలసీలు ఉంటే నష్టాన్ని అవి పంచుకుంటాయి. 6 లక్షల పాలసీ, 4 లక్షల పాలసీ ఉన్న 10 లక్షల సరుకులో 2 లక్షల నష్టం జరిగితే, మొదటి కంపెనీ 1,20,000, రెండవది 80,000 చెల్లిస్తాయి. రెండు చోట్లా పూర్తి మొత్తం రాదు.

స్థానాపన్న హక్కు. ‘సబ్రొగేషన్’. బరంపురంలో ఒక పట్టుబట్టల దుకాణాన్ని లారీ ఢీకొన్నదనుకుందాం. బీమా కంపెనీ యజమానికి పరిహారం చెల్లిస్తుంది. ఆ తరువాత లారీ యజమానిపై దుకాణదారునికి ఉన్న హక్కు చెల్లించిన మేరకు కంపెనీకి సంక్రమిస్తుంది. లేనిచో దుకాణదారుడు ఒకే నష్టానికి రెండుచోట్ల వసూలు చేయగలడు. కాబట్టి క్లెయిమ్ తేలకముందే, పదిమంది పెద్దలను కూర్చోబెట్టి కొద్ది మొత్తానికి రాజీపత్రం వ్రాసి ఇవ్వడం ప్రమాదకరం. కంపెనీ హక్కుకు భంగం కలిగితే క్లెయిమ్ కూడా చిక్కులో పడుతుంది.

సమీప కారణం. ‘ప్రాక్సిమేట్ కాజ్’. పేరులో సమీపం అని ఉన్నా, కాలంలో దగ్గరగా ఉన్నదని అర్థం కాదు. నష్టానికి దారితీసిన ఘటనల వరుసను నడిపించిన ప్రధాన కారణం ఇది. గోదాములో నిప్పంటుకొని, దానిని ఆర్పేందుకు చల్లిన నీటివల్ల బియ్యం బస్తాలు పాడైతే, సమీప కారణం అగ్నియే. ‘భారత్ గృహ రక్ష’లో, పాలసీ వర్తించే ఆపద కారణంగా ఏడు రోజుల లోపల జరిగిన దొంగతనానికి కూడా రక్షణ ఉన్నది.

వరదల్లో వాహనాలకు ఈ సూత్రం బాగా వర్తిస్తుంది. మునిగిన కారును నీటిలోనే స్టార్ట్ చేయబోతే ఇంజనులోకి నీరు చేరి అది పాడవుతుంది. అది వరద వల్ల నేరుగా కలిగిన నష్టం కాదని, తదనంతర నష్టమని కంపెనీలు వాదిస్తాయి. ఇంజను రక్షణకు అదనపు పాలసీ భాగం అందుకే ఉన్నది. బండిని కదల్చకుండా కంపెనీకి తెలియజేసి, తరలించే వాహనాన్ని పిలిపించడం మేలు.

3. వాహన బీమా

1988 మోటారు వాహనాల చట్టంలోని 146వ సెక్షను ప్రకారం బహిరంగ స్థలంలో నడిచే వాహనానికి మూడవ పక్షం బీమా తప్పనిసరి. మన వాహనం వల్ల గాయపడినవారికి, మరణించినవారి కుటుంబానికి, దెబ్బతిన్న వారి ఆస్తికి ఇది పరిహారం చెల్లిస్తుంది. సొంత బండి మరమ్మతుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వదు. దానికి సొంత నష్టం బీమా వేరుగా ఉండాలి.

సొంత నష్టంలో గరిష్ఠ చెల్లింపుకు ఆధారం ‘ఐ.డి.వి.’. తయారీదారు ప్రకటించిన ధరనుండి వయస్సును బట్టి తరుగుదల తీసివేస్తారు. ఒక సంవత్సరం దాటి రెండు సంవత్సరాలు నిండని బండికి 20 శాతం తరుగుదల. లక్ష రూపాయల మోటారు సైకిలుకు ఐ.డి.వి. 80,000 అవుతుంది. క్లెయిమ్ లేని సంవత్సరాలకు లభించే ‘నో క్లెయిమ్ బోనస్’ 20 శాతంతో మొదలై 50 శాతం వరకు పెరుగుతుంది. అది యజమానికి చెందినది. బండిని అమ్మితే కొన్నవారికి సంక్రమించదు. పాత బండి కొన్నవారు 14 రోజుల లోపల బీమా కంపెనీకి తెలియజేసి పాలసీని తమ పేరిట మార్పించుకోవాలి.

ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో నమోదైన వాహనాన్ని మరొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే, అక్కడ కొత్త నమోదు సంఖ్య తీసుకోవాలని చట్టం చెబుతున్నది. సంఖ్య మారిన వెంటనే పాలసీలో కూడా మార్పించాలి.

4. ఏజెంటుకు చట్టం విధించిన హద్దులు

1938 బీమా చట్టంలో రెండు సెక్షనులు కంఠస్థం కావలసినవి. 64 వి.బి. సెక్షను ప్రకారం ప్రీమియం ముందుగా అందనిదే కంపెనీ భారం స్వీకరించరాదు. ‘రేపు కడతాను, ఈ రోజు నుండి పాలసీ వ్రాయండి’ అనే మాటకు తావు లేదు. 41వ సెక్షను ప్రకారం ఏజెంటు తన కమీషనులో కొంత కొనేవానికి తిరిగి ఇవ్వడం నిషిద్ధం. ఇచ్చినవాడే కాక పుచ్చుకున్నవాడు కూడా నేరస్థుడే.

5. వివాదం ఏర్పడితే

మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా, ఏడాది లోపల బీమా ఓంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. దీనికి రుసుము లేదు, వకీలు అవసరం లేదు. 50 లక్షల రూపాయల వరకు గల వివాదాలను ఓంబుడ్స్‌మన్ పరిష్కరించగలరు. కర్ణాటకవారికి బెంగళూరు, తమిళనాడువారికి చెన్నై, ఒడిశావారికి భువనేశ్వర్ కార్యాలయాలు ఉన్నాయి. మహారాష్ట్రలో ముంబై, పుణె నగరాలలో ఉన్నాయి. యానాం పుదుచ్చేరిలో భాగమైనప్పటికీ, అక్కడివారు ఫిర్యాదు చేయవలసినది హైదరాబాదు కార్యాలయానికి.

6. అభ్యాసం

ప్రశ్న 1. 8 లక్షల సరుకుకు 4 లక్షల బీమా ఉన్నది. నష్టం 1 లక్ష. యావరేజ్ నిబంధన వర్తిస్తే చెల్లింపు ఎంత?
ప్రశ్న 2. అద్దెకుండే వ్యక్తి తన సామగ్రికి బీమా తీసుకోవచ్చునా?
ప్రశ్న 3. దుకాణంలో పాతబడిన విద్యుత్ తీగలు పెరిలా, హజార్డా?
ప్రశ్న 4. మూడవ పక్షం బీమా మాత్రమే ఉన్న బండి చెట్టుకు ఢీకొని పాడైతే మరమ్మతు ఖర్చు వస్తుందా?
ప్రశ్న 5. తన కమీషనులో సగం ఇస్తానని ఏజెంటు చెబితే అంగీకరించవచ్చునా?

జవాబులు: 1. 50,000 రూపాయలు. 2. తీసుకోవచ్చు, సామగ్రిపై అతనికి బీమా హితం ఉన్నది. 3. హజార్డ్. 4. రాదు. 5. అంగీకరించరాదు, 41వ సెక్షను నిషేధించింది.

పాలసీ తీసుకునేవారు సంతకానికి ముందు మూడు విషయాలు సరిచూసుకోవాలి. ఆస్తి వాస్తవ విలువ వ్రాశారా, దాని వినియోగం ఉన్నది ఉన్నట్లు వ్రాశారా, మినహాయింపులు చదివి వినిపించారా అన్నవి ఆ మూడు. నింపిన దరఖాస్తు నకలును పాలసీతోపాటు భద్రపరచుకోవాలి.