ఫిట్ సర్టిఫికెట్ చేతికొచ్చింది... పని చేతనవుతుందా?

ప్రశ్న: మా ఆయన గుంటూరు దగ్గర స్పిన్నింగ్ మిల్లులో ఫిట్టర్. మెషీన్‌లో కుడిచెయ్యి పడి రెండు వేళ్ల టెండన్లు తెగాయి. ఆపరేషనై మూడు నెలలు దాటింది. వేళ్లు ముడుస్తున్నారు గానీ స్పానర్ నిలవడం లేదు. డాక్టరుగారేమో ఫిట్ సర్టిఫికెట్ ఇచ్చేస్తానంటున్నారు. డ్యూటీకి పంపమంటారా?
- ఒక పాఠకురాలు

జవాబు: పంపే ముందు ఆయన్ని ఆక్యుపేషనల్ థెరపిస్టుకు చూపించాలి. ఫిజియోథెరపీతో వేళ్లు కదిలాయి, సంతోషం. ఇక తేలాల్సింది ఆ వేళ్లు ఫిట్టర్ పనికి సరిపోతాయా అన్నది.

ఫిట్టర్ చెయ్యి ఊరికే పిడికిలి బిగిస్తే చాలదు. నూనె జిడ్డులో జారే స్పానర్‌ను బిగించి పట్టాలి, మణికట్టు తిప్పాలి, తల పైనున్న బోల్టును చూడకుండానే వేలికొసతో వెతకాలి. థెరపిస్టు ఈ పనులన్నీ విడదీసి రాసుకుంటారు. డైనమోమీటర్‌తో రెండు చేతుల పట్టూ కొలుస్తారు. ఆయన రోజూ వాడే స్పానర్లు వెంట తీసుకెళ్తే మరీ మంచిది. పిడి సన్నగా ఉంటే రబ్బరు గొట్టం తొడిగి లావు చేస్తారు. బలహీనపడిన వేళ్లకు లావుపాటి పిడి తేలిగ్గా అందుతుంది. ఆపరేషన్ మచ్చ దగ్గర ముట్టుకుంటే జివ్వుమంటోందా? ముందు దూదితో, తర్వాత ముతక గుడ్డతో రుద్దించి, ఆపైన బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి కలపమంటారు. చూసేవాళ్లకు పిల్లలాటలా ఉంటుంది గానీ, తాకిడికి బెదిరిపోయిన చర్మం అలాగే దారికొస్తుంది.

ఆ తర్వాత బోల్టులు బిగించే బల్ల ముందు కూర్చోబెట్టి, బరువూ సమయమూ కొద్దికొద్దిగా పెంచుతారు. దీన్నే ‘వర్క్ హార్డెనింగ్’ అంటారు. మిల్లు యాజమాన్యం ఒప్పుకుంటే మొదట పూటపని, తేలికపాటి రిపేర్లు, ఆపైన పూర్తి షిఫ్టు. తొందరపడి మొదటిరోజే బరువైన పనికి దిగితే కుట్టిన టెండన్ మళ్లీ తెగే ప్రమాదముంది. టెండన్ కుట్టాక సుమారు 12 వారాల దాకా బరువైన పట్టు వద్దనేది అందుకే. ఆ గడువు దాటినంత మాత్రాన బలం దానంతటది వచ్చేయదు.

డబ్బు దిగులు ఉంటుంది, నిజమే. ఆయనకు ఈఎస్ఐ ఉంటే, పనిలో గాయపడ్డారు గనుక, కోలుకునేదాకా వేతనంలో సుమారు 90 శాతం భృతిగా అందుతుంది. జీతం ఆగిపోతుందన్న భయంతో ఫిట్ రాయించుకోవద్దు.

ప్రశ్న: మా అక్క కరీంనగర్ జిల్లాలో ప్రభుత్వ టీచరు. పక్షవాతం తర్వాత నడుస్తోంది, మాట బాగుంది. కుడిచేత్తో బోర్డు మీద రాయలేదు, మధ్యాహ్నానికే నీరసపడిపోతోంది. ఉద్యోగం తీసేస్తారా?
- ఒక తమ్ముడు

జవాబు: తీసేయడానికి వీల్లేదు. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వోద్యోగిని తొలగించకూడదనీ, హోదా తగ్గించకూడదనీ 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. ఉన్న పోస్టు కుదరకపోతే అదే జీతంతో వేరే పోస్టివ్వాలి. అదీ లేకుంటే అదనపు పోస్టు సృష్టించైనా కొనసాగించాలి. ఆర్టీసీ డ్రైవర్ కేసొకటి ఇలాంటిదే. వర్ణాంధత్వం ఉందని తెలంగాణ ఆర్టీసీ ఓ డ్రైవర్‌ను ఇంటికి పంపితే, పాత కార్మిక ఒప్పందం ప్రకారం ఆయనకు తగిన వేరే పని ఇవ్వాల్సిందేనని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

అయితే అక్కగారికి వేరే పోస్టు అవసరమే పడకపోవచ్చు. పక్షవాతం తర్వాతి నీరసం బద్ధకం కాదు, జబ్బులో భాగమే. కష్టమైన పీరియడ్లు ఉదయానికి మార్చడం, మధ్యలో విశ్రాంతి, ఎత్తు స్టూలు, బోర్డు బదులు ప్రొజెక్టర్, ఎడమచేతి రాతకు అభ్యాసం... ఆమె బడిలో ఏవి పనికొస్తాయో ఆక్యుపేషనల్ థెరపిస్టు చూసి రాసిస్తారు. ఆ కాగితం జతచేసి, హెడ్మాస్టరు ద్వారా డీఈఓకు అర్జీ పెట్టించండి. నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోవడం మరవొద్దు.