కంపెనీ పెట్టు, కాలేజీ మానకు



కాలేజీ మానేసి స్టార్టప్ పెడతానన్నావట, మీ నాన్న ఫోన్‌లో ఒకటే గోల. కంపెనీ పెడతాననడం బాగానే ఉంది. దానికి చదువు మానడమెందుకన్నదే బోధపడలేదు. మద్రాస్ ఐఐటీ సంగతులు కొన్ని రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

తరుణ్ మెహతా, స్వప్నిల్ జైన్ అక్కడ ఇంజినీరింగ్ డిజైన్ చదివారు. 2013లో ఏథర్ కంపెనీ మొదలుపెట్టారు. ముందు అనుకున్నది బ్యాటరీ ప్యాక్ చేద్దామని. ఎలక్ట్రిక్ స్కూటర్ ఆలోచన ఆ తర్వాతది. తొలి అడుగులకు చోటిచ్చింది ఆ క్యాంపసే. ఫ్లిప్‌కార్ట్ సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ 10 లక్షల డాలర్లు పెట్టింది 2014 చివర్లో. బండి కొన్నవాళ్ల చేతికొచ్చింది 2018లో. అన్నేళ్లు ఓపిక పట్టాలంటే మొదట్లో నెత్తి మీద కప్పు, పక్కన తెలిసినవాళ్లు ఉండాలి కదా!

ఆ క్యాంపస్‌లో సెంటర్ ఫర్ ఇన్నోవేషన్ అని ఒక వర్క్‌షాపుంది. 1981 బ్యాచ్ పూర్వ విద్యార్థులు డబ్బు పెడితే 2008లో వచ్చింది. రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. రేసు కారు చేసేవాళ్లు ఒకవైపు, హైపర్‌లూప్ పాడ్ బిగించేవాళ్లు ఇంకోవైపు. అర్ధరాత్రి బుర్రలో మెరిసిన ఆలోచనను తెల్లవారేలోగా మెషిన్ మీద పెట్టి చూడొచ్చు. పొద్దున్నే వెళ్లి తాళంచెవి కోసం అటెండర్‌ను బతిమాలక్కర్లేదు.

పక్కనే రీసెర్చ్ పార్క్. ప్రొఫెసర్ అశోక్ ఝున్‌ఝున్‌వాలా పట్టుబట్టి తెచ్చింది. అందులో ఆఫీసు తీసుకున్న కంపెనీ అద్దె కట్టి ఊరుకుంటే చెల్లదు. ప్రొఫెసర్లతో, విద్యార్థులతో కలిసి పనిచేసి క్రెడిట్లు సంపాదించాలి. నాకు బాగా నచ్చిన నిబంధన ఇది.

అక్కడ చదవనివాళ్లకూ ఆ తలుపు తెరుచుకుంది. అమెరికాలో ఫైనాన్స్ ఉద్యోగం చేసి, ఆనక ఏరోస్పేస్ చదివిన శ్రీనాథ్ రవిచంద్రన్ ఆ ఐఐటీ విద్యార్థి కాడు. రాకెట్ చేస్తానంటే ప్రొఫెసర్ సత్య చక్రవర్తి సరేనన్నారు. శ్రీనాథ్, మొయిన్ ఎస్‌పీఎం కలిసి 2017లో అగ్నికుల్ కంపెనీ పెట్టారు. రాకెట్ ఇంజిన్‌ను మామూలుగా బోలెడన్ని భాగాలు విడివిడిగా చేసి అతుకుతారు. వీళ్లు త్రీడీ ప్రింటర్‌లో అతుకే లేకుండా ఒకే ముక్కగా పోతపోసినట్టు తీశారు. ఆ ఇంజిన్‌తో 2024 మే 30న మన శ్రీహరికోటలోనే, సొంత లాంచ్‌ప్యాడ్ నుంచి రాకెట్ ఎగిరింది. అంతకుముందు ఆఖరి నిమిషంలో ఆగిపోయిన ప్రయత్నాలూ ఉన్నాయి.

మద్రాస్ దాకా ఎందుకు? స్టార్టప్‌లకు చోటిచ్చే టీ-హబ్ హైదరాబాద్‌లో 2015లో మొదలైంది కూడా గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆవరణలోనే. ఆ ట్రిపుల్ ఐటీకి 2008 నుంచే సొంత ఇన్‌క్యుబేటర్ ఉంది.

మాది ఐఐటీ కాదుగా అంటావు. నిజమే. మంత్రిగారితో రిబ్బన్ కట్ చేయించి ఆ మర్నాటి నుంచి తాళం వేసిన ఇన్‌క్యుబేషన్ సెంటర్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అయినా నీ చేతిలో ఒక కాగితం ఉంది. విద్యార్థులు, అధ్యాపకుల కోసం కేంద్రం 2019లో స్టార్టప్ విధానం తెచ్చింది. స్టార్టప్ పని మీద ఒక సెమిస్టరో, ఏడాదో చదువుకు విరామం ఇవ్వొచ్చని, అటెండెన్స్ తగ్గినా అనుమతితో పరీక్ష రాయనివ్వాలని అందులో ఉంది. చోటు, సాయం ఇచ్చినందుకు కాలేజీ 2 నుంచి 9.5 శాతం దాకా వాటా తీసుకోవచ్చు. కాలేజీ ల్యాబ్ వాడి చేసినదానిపై హక్కు ఇద్దరిదీ. బయట, నీ సొంత సమయంలో, సొంత ఖర్చుతో, సిలబస్‌తో సంబంధం లేకుండా చేస్తే నీదే. కాలేజీతో ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఈ తేడా గట్టిగా చూసుకో.

ఆ విధానాన్ని మీ కాలేజీ అమలు చేస్తోందా, వర్క్‌షాప్ ఎన్ని గంటలదాకా తెరుస్తారు, ఏ ప్రొఫెసర్ నీతో కూర్చుంటారు? సోమవారం వెళ్లి ఈ మూడూ అడుగు. టీసీ సంగతి ఎత్తకు. ఏమన్నారో సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి, మీ నాన్నతో నేను మాట్లాడతాను.

మీ బాబాయి