విన్న ప్రసంగం ఇల్లు చేరేదాకా

క్రీ.శ. 400 ప్రాంతం. కాన్‌స్టాంటినోపుల్ పీఠాధిపతి యోహాను క్రిసోస్తోమ్ అపోస్తలుల కార్యాల మీద వరసగా ప్రసంగాలు చేస్తున్నారు. ఆ రోజుల్లో ప్రసంగీకుడి మాట నచ్చితే జనం గుడిలోనే చప్పట్లు కొట్టేవారు. అది చూసి చూసి ఆయనకు విసుగొచ్చింది. ప్రసంగం మధ్యలో ఎవరూ చప్పట్లు కొట్టకూడదని ఇకనుంచి ఒక నియమం పెట్టుకుందామన్నారు. ఆ మాటా జనానికి తెగ నచ్చింది. మళ్లీ చప్పట్లు కొట్టారు!

మనం గుడిలో చప్పట్లు కొట్టకపోవచ్చు. కానీ ఆదివారం పూజ అయ్యాక గేటు దగ్గర మాటలు వినండి. “ఈరోజు ఫాదర్‌గారు భలే చెప్పారండీ!” “అవునా, ఏం చెప్పారు?” “అదే... చాలా బాగా చెప్పారు.” సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. యూట్యూబ్‌లో విన్న ప్రసంగాన్ని నాలుగు వాట్సాప్ గ్రూపులకు పంపేస్తే మన వంతు పని అయిపోయిందనిపిస్తుంది. మెచ్చుకోవడం సులువు, మారడం కష్టం. మెచ్చుకోగానే సగం మారిపోయామన్న భ్రమ కూడా కలుగుతుంది. క్రిసోస్తోమ్ జీవితమంతా పోరాడింది ఈ భ్రమతోనే. 1568లో పోప్ ఐదవ పయస్ ఆయనను శ్రీసభ పండితుల్లో ఒకరిగా ప్రకటించారు. ఏటా సెప్టెంబరు 13న మనం ఆయన పండుగ జరుపుకుంటాం. ఆయన వాక్చాతుర్యం సంగతి అందరికీ తెలిసిందే. విన్నది అలవాటుగా మారడానికి ఆయన చెప్పిన చిట్కాలు మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. ఈనాటికీ పనికొచ్చేవి అవే.

ప్రాణభయంలోనూ ఒట్ల గొడవే

387 తొలి నెలల్లో అంతియొకయ నగరం అట్టుడికింది. ఈనాటి టర్కీలోని అంతాక్యానే ఆ నగరం. థియోడోసియస్ చక్రవర్తి కొత్త పన్ను వేశాడని జనం రెచ్చిపోయారు. చక్రవర్తి విగ్రహాన్నీ, ఆయన కుటుంబసభ్యుల విగ్రహాలనూ పడగొట్టి వీధుల్లో ఈడ్చారు. ఆవేశం చల్లారాక భయం మొదలైంది. అరెస్టులు, మరణశిక్షలు జరిగాయి. ఊరు ఊరంతా నేలమట్టం చేస్తారన్న పుకారు పుట్టింది. వృద్ధుడైన పీఠాధిపతి ఫ్లేవియన్ క్షమాభిక్ష అడగడానికి దూరాన ఉన్న రాజధానికి బయలుదేరారు. ఊళ్లో జనానికి ధైర్యం చెప్పే బాధ్యత, అప్పట్లో అక్కడే గురువుగా ఉన్న క్రిసోస్తోమ్ మీద పడింది. గురుపట్టం పొంది అప్పటికి ఏడాది దాటిందంతే.

అది తపస్సుకాలం. ఆ రోజుల్లో ఆయన చేసిన ప్రసంగాలు ఇరవై ఒకటి మనకు దక్కాయి. వాటిలో ఓదార్పు ఉంది, ధైర్యం ఉంది. వాటితోపాటు మళ్లీ మళ్లీ వినిపించే మాట ఒకటుంది: ఒట్లు పెట్టుకోవడం మానండి. ప్రాణాలు పోతాయని జనం వణుకుతుంటే ఈయన ఒట్ల గురించి మాట్లాడతాడేమిటి అనిపిస్తుంది. ఆయన లెక్క వేరు. చక్రవర్తి కోపం మన చేతుల్లో లేదు, మన నోరు మన చేతుల్లోనే ఉంది. చేతిలో లేనిదాని గురించి రోజంతా కుమిలిపోయే బదులు, చేతిలో ఉన్నదాన్ని సరిచేసుకోమన్నారు.

ఆ తపస్సుకాలానికి ఆయన పెట్టిన నియమాలు మూడే. ఎవరి గురించీ చెడు మాట్లాడకూడదు. ఎవరినీ శత్రువుగా చూడకూడదు. ఒట్టు పెట్టే అలవాటును నోటి నుంచి పూర్తిగా తరిమేయాలి. మూడింటిలోనూ ఒట్టును పట్టుకుని ఆయన వదల్లేదు. చెప్పిందే చెబుతున్నారని జనం అనుకుంటారని ఆయనకు తెలుసు. మీరు మారేదాకా నేనూ ఇదే చెబుతానన్నది ఆయన పట్టుదల.

మన ఇళ్లలో ఈ మాట నేరుగా తగులుతుంది. “అమ్మతోడు, కొన్న ధరకే ఇస్తున్నా” అంటాడు వ్యాపారి. “దేవుడి తోడు, నిన్న ఫోన్ చూసుకోలేదు” అంటాం మనం. “నా మీద ఒట్టేసి చెప్పు” అని బిడ్డను నిలదీస్తుంది తల్లి. ఒట్టు లేకపోతే మాటకు విలువ లేదని మనమే ఒప్పుకుంటున్నామన్నమాట. ఎదుటివాళ్ల చేత సువార్త గ్రంథం మీద ప్రమాణం చేయించే వాళ్లను క్రిసోస్తోమ్ సూటిగా నిలదీశారు. చేతిలోని ఆ పుస్తకాన్ని ఒక్కసారి తెరిచి, ప్రమాణాల గురించి క్రీస్తు ఏమన్నాడో చదువుకోమన్నారు. ప్రమాణమే చేయొద్దని చెప్పిన పుస్తకం మీద చేయి వేయించడమేమిటన్నది ఆయన ప్రశ్న.

అలవాటుకు కాపలా

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే అది మామూలు ప్రసంగమే. మానడం ఎలాగో కూడా ఆయన చెప్పారు. ఇంట్లో వాళ్లంతా ఒకరికొకరు కాపలా ఉండాలి. నోరుజారి ఒట్టు పెట్టినవాళ్లకు ఆ రాత్రి భోజనం లేదు. ఇంటి యజమాని తప్పు చేసినా అదే శిక్ష, తనకు తానే వేసుకోవాలి.

ఇందులో మూడు కిటుకులున్నాయి. ఒకటి, ‘మంచిగా ఉండాలి’ లాంటి పెద్ద తీర్మానం కాకుండా గుర్తుపట్టడానికి వీలైన ఒక్క అలవాటునే ఎంచుకోవడం. రెండు, ఆ ప్రయత్నాన్ని మనసులో దాచుకోకుండా ఇంట్లో వాళ్లకు చెప్పడం. మూడు, తప్పినప్పుడు చిన్నదైనా నొప్పి తెలిసే జరిమానా ఉండటం. ఈరోజుల్లో పిల్లల్ని పస్తు పడుకోబెట్టమని ఎవరూ అనరు. ఒట్టుకు పది రూపాయలు అనుకోండి, చాలు. ఎనిమిదేళ్ల మనవరాలు “తాతయ్యా, ఒట్టన్నావ్! పది రూపాయలు తియ్యి” అని చేయి చాపితే, ఆ తాతయ్య మర్నాటి నుంచి ఆచితూచి మాట్లాడతారు.

ఆ పది రూపాయలు ఎక్కడ వేయాలో కూడా క్రిసోస్తోమ్ దగ్గరే దొరుకుతుంది. కొరింతీయుల మొదటి లేఖ మీద చేసిన ఒక ప్రసంగంలో, ఇంట్లో ప్రార్థన చేసుకునే చోట పేదల కోసం ఒక చిన్న పెట్టె పెట్టుకోమన్నారు. ముందు అందులో ఎంతో కొంత వేసి, ఆ తర్వాతే ప్రార్థన మొదలుపెట్టాలి. మరియమాత స్వరూపం పక్కన ఒక డబ్బా పెట్టడానికి ఖర్చేమీ కాదు. జపమాల చేతిలోకి తీసుకునే ముందు డబ్బాలో నాణెం పడిన చప్పుడు వింటే, ప్రార్థనలో మన కోరికల చిట్టా కొంచెం కురచవుతుంది. నెలాఖరున ఆ డబ్బు వీధి చివర మంచాన పడ్డ ముసలామె మందులకో, ఓ పిల్లవాడి నోటు పుస్తకాలకో వెళ్లాలి.

ఉపవాసం, అలంకారం

మనలో చాలామంది తపస్సుకాలం నలభై రోజులూ నీచు ముట్టరు. శుక్రవారం సిలువ మార్గం తప్పరు. ఆ నలభై రోజుల్లోనే తోడికోడలి గురించి గంటల తరబడి ఫోన్లో మాట్లాడతారు. క్రిసోస్తోమ్ దీన్ని మొహమాటం లేకుండా ఎత్తిచూపారు. నోటితోపాటు కళ్లూ, చెవులూ, చేతులూ ఉపవాసం ఉండాలన్నారు. మాంసం మానేసి, చాడీలతో తోటివాణ్ని పీక్కుతింటే అది ఉపవాసం ఎలా అవుతుందని అడిగారు. చాడీ వినడం కూడా తప్పే కాబట్టి చెవులకూ ఉపవాసం కావాలి. ఆఫీసులో ఎవరి గురించైనా గుసగుసలు మొదలైతే పని ఉందని లేచి వెళ్లడం ఈరోజుల్లో ఆ ఉపవాసం.

గుడి అలంకారం గురించి ఆయన మత్తయి సువార్త ప్రసంగాల్లో మాట్లాడారు. ఆకలితో ఉన్నవాడిలో క్రీస్తును గుర్తించకుండా పీఠం మీద బంగారు పాత్రలు పెడితే ఏం లాభమన్నారు. అలంకారం వద్దనలేదు, ముందు అన్నం పెట్టమన్నారు. విచారణ పండుగకు దీపాల తోరణాలు, తేరు, బాణసంచా లెక్కలు రాసేటప్పుడు ఈ వరస గుర్తుంటే చాలు.

పునీతుల మాటలన్నీ యథాతథంగా తలకెత్తుకోవాలా? అక్కర్లేదు. క్రిసోస్తోమ్ అంతియొకయలో యూదుల ఆచారాలకు వ్యతిరేకంగా చేసిన ప్రసంగాల్లో చాలా కటువైన మాటలున్నాయి. తర్వాతి కాలంలో యూదులను ద్వేషించేవాళ్లు వాటిని ఆయుధంగా వాడుకున్నారు. 1965లో రెండవ వాటికన్ మహాసభ యూదుల పట్ల ద్వేషాన్ని స్పష్టంగా ఖండించింది. గౌరవం ఉన్నచోట వివేకమూ ఉండాలి. పెద్దవాళ్ల మంచిని ఆచరిస్తూ, వాళ్ల పొరపాటును పొరపాటు అనగలగడం కూడా ఎదిగిన వ్యక్తిత్వమే.

ఆదివారం మధ్యాహ్నం పది నిమిషాలు

ఆయన ఇంకో సలహా ఇచ్చారు. స్నానశాల నుంచి వచ్చినవాడు ఆ హాయి పోతుందని వెంటనే సంతలోకి పరిగెత్తడు కదా. అలాగే గుడి నుంచి రాగానే వ్యాపారాల్లో పడిపోకుండా, బైబిలు తీసి భార్యాపిల్లల్ని కూర్చోబెట్టుకుని, విన్నది మళ్లీ నెమరేసుకోమన్నారు. ఆదివారం భోజనాల దగ్గర టీవీ కట్టేసి పది నిమిషాలు ఇదే చేయండి. ప్రతి ఒక్కరూ ప్రసంగంలో గుర్తున్న ఒక్క మాట చెప్పాలి. ఆ మాటల్లోంచి ఇంటిల్లిపాదీ కలిసి ఒకటి ఎంచుకోవాలి. ‘ఈ వారం ఎవరి మీదా గొంతు పెంచం’, ‘పనమ్మాయి జీతం అడిగించుకోకుండా ఒకటో తేదీనే ఇస్తాం’ లాంటిది. దాన్ని కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి.

తర్వాతి ఆదివారం కొత్త ప్రసంగం వింటారు, కొత్త మాట నచ్చుతుంది. కానీ పాత కాగితం అప్పుడే తీసేయకండి. ముందు దాన్నే చదివి, ఎవరెవరు ఎక్కడ తప్పారో నవ్వుతూ చెప్పుకోండి. ఇంకా అలవాటు కాలేదంటే మరో వారం, అవసరమైతే మరో నెల అదే ఉంచండి.